పరిశోధన వ్యాసములు – వాని తూనిక

(వార్షిక మహాసభయందు చదివిన ఉపన్యాసము)



మన సంఘ వార్షిక మహాసభయందు విద్యావిషయమునుగూర్చి ప్రసంగింప నన్ను నియోగించిన కార్యవర్గమువారికి కృతజ్ఞతాపూర్వక వందనములు. ఇంతమంది పెద్దల యెదుట నిలిచి మాటలాడుటకు నాకుగల యర్హత స్వల్పము. అయినను విషయము మన బిడ్డల విద్యకును, మన కుటుంబముల యారోగ్యమునకును సంబంధించినదగుటచే, మీ యోపికపై భారముంచి నాకు తోచినంత మనవి చేసికొందును.

ఈ యేట మన పోషకులలో నొక మహాశయుడు విజ్ఞానశాస్త్ర పరిశోధనయందు కృషిచేయుచున్న మన యువజనులకొక స్వర్ణపతకమును నెలకొల్ప సంకల్పించిన సంగతి మీరెఱిగినదే. పతకమెవరికీయవలెనను చర్చ వచ్చినప్పుడు, ఎవరి వ్యాసములు హెచ్చుగా అచ్చయినవో, ఎవరి పేరును ఇతర పండితులు హెచ్చుమాఱు లెత్తిరో వారికే యీయవచ్చుననియు, లెక్క యుండగా తగవులేదనియు కొందఱు సభ్యులు పలికిరి. ఆ మాట వినుటకు న్యాయముగనే యున్నది. కాని లెక్క న్యాయమైనది కావలెనన్నచో, దేనిని లెక్కించుచున్నామో మొదట తెలిసియుండవలెను. కట్టెల త్రాసుతో బంగారమును తూచినచో తప్పు త్రాసుది కాదు, తూచినవానిది.

పరిశోధకుడు తాను కనుగొన్నదానిని వ్యాసముగ వ్రాసి శాస్త్రపత్రికకు పంపును. సంపాదకుడు దానిని ఆ శాస్త్రమెఱిగిన యిద్దఱు ముగ్గురికి పంపి పరీక్షింపజేయును. వారు సందేహములు లేవదీయుదురు. రచయిత సమాధానము చెప్పవలెను. అవసరమైనచో ప్రయోగములను మరల చేయవలెను. ఇట్లు నెలలు, ఒక్కొక్కప్పుడు సంవత్సరములు గడచిన పిమ్మట వ్యాసమచ్చగును. అటుతరువాత వేఱొక పరిశోధకుడు తన వ్యాసమున, ఈ సంగతిని ఫలానావారు ఫలానా సంవత్సరమున నిరూపించిరని పేర్కొనును. దీనినే సైటేషను అందురు. నేనీ యుపన్యాసమున దానిని ఉల్లేఖనమనెదను.

ఇది మనకు క్రొత్త యాచారము కాదు. మన కవులు కావ్యారంభమున పూర్వకవిస్తుతి చేసి, తమకు త్రోవచూపినవారిని తలంచుకొనిరి. మెదకుసీమ కొలిచెలమ గ్రామమునకు చెందిన కోలాచల మల్లినాథసూరి, మూలములేనిదేదియు వ్రాయనని నియమము పెట్టుకొని వ్యాఖ్యానములు రచించెను. అయితే మన కావ్యములందు పూర్వకవిస్తుతితోపాటు కుకవినిందయు గలదు. ఉల్లేఖనములందును అంతే. కొన్ని పొగడుటకు, కొన్ని ఖండించుటకు, మఱికొన్ని కేవలమలవాటుచే చేయబడును. లెక్కించు యంత్రమునకు మాత్రము స్తుతియు నిందయు నొక్కటే. రెండును ఒక్కొక్క యంకెయే.

ఈ లెక్క యెట్లు పుట్టినదో సంగ్రహముగ చెప్పెదను. 1955లో యూజీన్ గార్ఫీల్డను అమెరికా దేశీయుడు 'సైన్సు' పత్రికయందు ఉల్లేఖనముల సూచిక యొకటి యుండవలెనని ప్రతిపాదించెను. 1964 నుండి అట్టి సూచిక వెలువడజొచ్చినది. దాని ముఖ్యోద్దేశము త్రోవ చూపుట. ఒక వ్యాసమును పట్టుకొని, దాని తరువాత ఎవరేమి వ్రాసిరో తెలిసికొనుట. త్రోవచూపు దీపము క్రమముగ త్రాసుగ మాఱినది. 2005లో జార్జి హిర్షను భౌతికశాస్త్రజ్ఞుడు హెచ్-సూచిక యను కొలతను కల్పించెను. ఒకని వ్యాసములలో 20 వ్యాసములు, ఒక్కొక్కటి 20 మాఱులకు తక్కువ కాకుండ, ఉల్లేఖింపబడినచో, అంతకు మించి 21 వ్యాసములకు 21 మాఱులు లేనిచో, అతని సూచిక 20. ఉద్యోగములు, ఉన్నతపదవులు, పురస్కారములు అనేకచోట్ల ఈ యంకెను చూచియే యిచ్చుచున్నారు.

అంకె యబద్ధమాడదు, నిజమే. కాని అడుగని ప్రశ్నకు బదులు చెప్పదు. 2014లో 'నేచర్' పత్రిక, ప్రపంచమున నెక్కువగ ఉల్లేఖింపబడిన నూఱు వ్యాసముల పట్టికను ప్రకటించెను. అందు ప్రథమస్థానము, ద్రవములో మాంసకృత్తు ఎంత యున్నదో కొలుచు పద్ధతినిగూర్చి 1951లో లౌరీ మున్నగువారు వ్రాసిన వ్యాసమునకు లభించినది. దానికి 3 లక్షలకు పైగా ఉల్లేఖనములు. డి.ఎన్.ఏ. జంటపేటల నిర్మాణమును 1953లో లోకమునకు తెలిపిన వాట్సన్, క్రిక్ గార్ల వ్యాసమునకా నూటిలో చోటేలేదు! అణుజీవశాస్త్రమునకు పునాదియైన వ్యాసము పట్టికలో లేదు. కొలపాత్రనిచ్చిన వ్యాసము అగ్రస్థానమున నున్నది. ఇందు లౌరీ గారి తప్పేమియు లేదు. కొలపాత్ర ప్రతిదినము అందఱికిని కావలెను; పునాదిని ఇంటనున్నవారెవరును నిత్యము తలంచుకొనరు.

ఈ సందర్భమున మన తెలుగువాడైన యల్లాప్రగడ సుబ్బారావు గారిని స్మరింపకుండుట భావ్యము కాదు. 1895లో భీమవరమున జన్మించిన ఆ మహనీయుడు, 1925లో ఫిస్కే గారితో గూడి, రక్తమునందును మూత్రమునందును గల భాస్వరమును రంగునుబట్టి కొలుచు పద్ధతిని ప్రకటించెను. ఆ వ్యాసము వేలకొలది పర్యాయములు ఉల్లేఖింపబడినది. ఆ పద్ధతి యూతగా కండరములకు శక్తినిచ్చు ఫాస్ఫోక్రియేటిను, ఏ.టి.పి. యను పదార్థములను వారు గుర్తించిరి. పిమ్మట వారు లెడర్లే సంస్థలో నడపిన పరిశోధనల ఫలితముగ బోదకాలు వ్యాధికి వాడు హెట్రజాను మందు లభించినది. గోదావరీ మండలములందు బోదకాలుతో కుములుచు ఆ మాత్ర మ్రింగినవాడెవడును ఏ పత్రికయందును సుబ్బారావు గారి నుల్లేఖింపలేదు. ఆ మాత్రల లెక్క ఏ హెచ్-సూచికయందును చేరదు. 1948లో న్యూయార్కునగరమున కన్నుమూయువఱకు ఆయన పేరు మన సామాన్యజనులలో నెందఱకు తెలియును? ఉల్లేఖనమొక ఫలము. ఉపకారము వేఱొక ఫలము. ఒకే చెట్టునకు రెండును కాయవచ్చును. కాని ఒకదానిని లెక్కించి రెండవది లెక్కించితిమనుకొనరాదు.

ఇక మన నగరమునకు వత్తము. తార్నాక కూడలియందు నిలిచి చూడుడు. ఒకప్రక్క ఉస్మానియా విశ్వవిద్యాలయ ప్రాంగణము. 1918లో ఆ విద్యాలయము ఉర్దూభాషయం దున్నతవిద్య గఱపుటకై స్థాపింపబడినది. పాఠ్యగ్రంథముల ననువదించుటకొక భాషాంతరీకరణ శాఖయే ప్రత్యేకముగ నెలకొల్పబడినది. 1939లో ఆర్ట్సు కళాశాల రాతిసౌధము ప్రారంభమైనది. వేఱొకప్రక్క హబ్సిగూడ మీదుగ ఉప్పలునకు పోవు త్రోవ. ఆ పరిసరములందే జాతీయ పోషకాహార సంస్థ, రసాయన సాంకేతిక సంస్థ, భూభౌతిక పరిశోధన సంస్థ, అణుజీవశాస్త్ర పరిశోధనకు ప్రసిద్ధినొందిన సీసీఎంబీ వెలసియున్నవి. సీసీఎంబీ 1977లో పుష్పమిత్ర భార్గవ గారి నాయకత్వమున, నాటి ప్రాంతీయ పరిశోధనశాల యావరణలోనే పుట్టినది. 1987 నవంబరు 26వ తేదీన దాని నూతన భవనములను నాటి ప్రధానమంత్రి రాజీవ్‌గాంధీ గారు జాతికంకితము గావించిరి.

ఈ సంస్థనుండి వెలువడిన వ్యాసపరంపరలో మన కతిసన్నిహితమైనది డాక్టరు కుమారస్వామి తంగరాజు గారిది. వారును, వారితో పనిచేసిన డాక్టరు లాల్జీసింగు గారును భారతదేశమందలి జాతుల, తెగల, కులముల రక్తమును పరిశీలించి, వాని పూర్వచరిత్రను డి.ఎన్.ఏ. నుండి చదువ యత్నించిరి. లాల్జీసింగు గారు మొదట కట్లపాము జాతికి చెందిన పాముయొక్క లింగనిర్ణాయక క్రోమోజోములపై పనిచేసినవారు. ఆ పామునుండి గ్రహించిన డి.ఎన్.ఏ. తునుకయే తరువాత మనుష్యుని గుర్తుపట్టు డి.ఎన్.ఏ. ముద్రకు సాధనమై, మన న్యాయస్థానములకు నుపకరించినది. పామును పరీక్షించుచున్ననాడు అది నేరస్థుని పట్టించునని, తండ్రియెవరో తేల్చునని యెవరూహింపగలరు? 2017 డిసెంబరులో వారు దివంగతులైరి.

తంగరాజు గారి వ్యాసములలో నాలుగింటిని మాత్రము పేర్కొందును.

మొదటిది 2005లో 'సైన్సు' పత్రికయందు వచ్చినది. అండమాను ద్వీపములందలి ఓంగే, గ్రేట్ అండమానీ తెగలవారి మాతృపరంపరలు, ఆఫ్రికానుండి మానవుడు వెడలిన తొలి వలసలకు చెందినవై, దీర్ఘకాలము ఏకాంతమున నిలిచినవని ఆ వ్యాసము ప్రతిపాదించినది.

రెండవది 2009లో 'నేచర్ జెనెటిక్సు'నందు వచ్చినది. హృదయకండరమునకు సంబంధించిన ఎం.వై.బి.పి.సి.3 అను జన్యువునందు 25 అక్షరముల లోపము గలవారు భారతీయులలో నూటికి సుమారు నలుగురుందురనియు, వారికి హృదయకండర వ్యాధి కలుగు నవకాశము హెచ్చనియు అందు నిరూపింపబడినది.

మూడవది అదే సంవత్సరమున 'నేచర్' పత్రికలో వచ్చినది. వ్యాసకర్తలైదుగురు, హార్వర్డునందలి డేవిడ్ రైక్ గారు వారిలో ప్రథములు. ఇది వేయికిపైగా ఉల్లేఖనములను పొందినది. 25 సముదాయములకు చెందిన 132 మంది డి.ఎన్.ఏ.లో 5 లక్షల 60 వేల స్థానములను వారు పరీక్షించిరి. భారతదేశమునందలి చాల సముదాయములు రెండు ప్రాచీన జనధారల మిశ్రమమని వారు తేల్చిరి. 2013లో వచ్చిన మఱియొక వ్యాసము, ఈ మిశ్రమము నేటికి సుమారు 4,200 మొదలు 1,900 సంవత్సరముల క్రిందటివఱకు జరిగినదని తెలిపినది. 2019లో 'సైన్సు'నందు వచ్చిన వ్యాసము ఈ చిత్రమునకు మఱికొన్ని సవరణలు చేసినది. శాస్త్రము తన్ను తాను దిద్దుకొనుచు పోవును. అదియే దాని మర్యాద.

నాల్గవది 2017లో 'నేచర్ జెనెటిక్సు'నందు వెలువడినది. దానిని కొంచెము తరువాత విన్నవింతును. ఎందుకనగా మన మహాసభతో దానికే ఎక్కువ పని.

ఇచట నొక చిక్కు గమనింపుడు. మానవుల పూర్వచరిత్ర యన్న లోకమంతకును కుతూహలము. చదువువారు వేలమంది, కనుక ఉల్లేఖనములును వేలు. అదే సంస్థయందు డాక్టరు మంజులారెడ్డి గారు సూక్ష్మజీవి పైగోడ యెట్లు పెరుగునో పరిశోధించినారు. గోడ పెరుగవలెనన్నచో ముందుగ దానిలోని ముడులు కొన్ని తెగవలెననియు, వానిని తెగగొట్టు ఎంజైములు లేనిచో ఆ జీవి బ్రతుకజాలదనియు 2012లో వారును, సహచరులును నిరూపించిరి. సూక్ష్మజీవులను చంపు క్రొత్త మందులకు ఇట్టి జ్ఞానము ఆధారము కాగలదు. 2019లో జీవశాస్త్రమున వారికి ఇన్ఫోసిస్ బహుమానము లభించినది. సూక్ష్మజీవుల గోడలనుగూర్చి వ్రాయువారి సంఖ్య మానవచరిత్రనుగూర్చి వ్రాయువారి సంఖ్యతో సమానము కాదు. పెద్దయూరి సంతలో పిలుపునకు నూఱుగురు పలుకుదురు; చిన్నయూరిలో పదుగురే పలుకుదురు. పలికినవారిని లెక్కించి పిలిచినవాని గొంతు కొలువవచ్చునా?

ఇప్పుడు మూడవ వ్యాసమునకు మరల వత్తము. అందలి పట్టికలో మన తెలుగుసీమకు చెందిన సముదాయముల పేర్లు గలవు. వెలమలు, మాదిగలు, నాయుడులు, మాలలు, వైశ్యులు, కంసాలులు, చెంచులు – అందఱును ఒకే పట్టికయందు, ఒకరిప్రక్క నొకరు, పంక్తిభేదములేక కూర్చుండియున్నారు. మన పెద్దలు భోజనపంక్తియందు సాధింపలేనిది ఆ పట్టికలో సాధింపబడినది! ఆ 132 మందిలో ఒక్కొక్కరును చేయిచాచి రక్తమిచ్చినవారు. వారి పేర్లు వ్యాసమున నుండవు, వారి మేలుకొఱకే యుండరాదు, అది ధర్మమే. కాని వ్యాసమునకు వేయి ఉల్లేఖనములు వచ్చిననాడు, వేయింటిలో నొక్కటియైనను ఆ యిచ్చినవాని గడపకు చేరినదా? నా రక్తమున నేమి కనుగొంటిరని యతడడిగినచో అతని భాషలో చెప్పువాడెవడు? వ్యాసమాంగ్లమున నున్నది. చదువువారు బోస్టనునందును, కేంబ్రిడ్జియందును ఉన్నారు. తార్నాకనుండి బోస్టనునకు త్రోవపడినది. తార్నాకనుండి చెంచుగూడెమునకు, మన మహాసభా మంటపమునకు త్రోవ యింకను సరిగా పడలేదు. దేశభాషలో శాస్త్రము గఱపుటకై యొక విశ్వవిద్యాలయమే వెలసిన ప్రదేశమునకు కూతవేటు దూరమున నిట్లుండుట మనకందఱకును చింతింపదగిన సంగతి. ఈ లోపము పరిశోధకులది మాత్రమే కాదు, అడుగని మనదియు.

అడిగినచో వినవలసినదేమనగా, 2017 నాటి వ్యాసము. 260కి పైగా దక్షిణాసియా సముదాయములకు చెందిన 2,800 మందికి పైగా జనుల డి.ఎన్.ఏ.ను ఆ పండితులు పరిశీలించిరి. వానిలో 81 సముదాయములు, పూర్వమెప్పుడో కొలదిమంది మూలపురుషులనుండి పెరిగి, అటుపిమ్మట తమలో తామే వివాహములాడుచు వచ్చినవని తేలినది. ఈ 81లో 14 సముదాయముల జనసంఖ్య పదిలక్షలకు మించినది! సంఖ్య పెద్దదైనంతమాత్రమున రక్తమునందలి వైవిధ్యము పెద్దది కాదని దీని తాత్పర్యము.

దీనివలన వచ్చు చిక్కేమి? ప్రతి మనుష్యునియందును ఏవో కొన్ని లోపజన్యువులు దాగియుండును. జంటలో రెండవ ప్రతి మంచిదైనచో ఆ లోపము బయటపడదు. మనుష్యుడు పూర్ణారోగ్యముతో నుండును. తల్లియు తండ్రియు ఒకే లోపము కలవారైనపుడు మాత్రము, ప్రతి కాన్పునందును నాల్గింట నొకవంతు బిడ్డకు వ్యాధి సంక్రమించు నవకాశముండును. మేనరికములందు ఈ భయమున్నదని మనలో కొందఱిప్పటికే యెఱుగుదురు. కాని ఈ వ్యాసము చెప్పు సంగతి మఱియొక మెట్టు పైది. మేనరికము కాకపోవచ్చును, ఇంటిపేరు వేఱు, గోత్రము వేఱు, ఊరు వేఱు కావచ్చును. అయినను సముదాయమంతయు కొలదిమంది మూలపురుషులనుండి వచ్చినదైనచో, దంపతులిరువురును నూఱు తరముల క్రిందటి యొకే తాతనుండి యొకే లోపమును పొందియుండవచ్చును. గోత్రమడిగినపుడు తెలియనిది రక్తమడిగినపుడు తెలియును.

దృష్టాంతమున కొకటి చెప్పెదను. మన సోదరులగు వైశ్యులలో కొందఱకు, బ్యూటిరైల్ కోలినెస్టరేసను ఎంజైము లోపించియుండుట వైద్యులు గమనించిరి. నిత్యజీవనమున దీనివలన బాధయేమియు లేదు. శస్త్రచికిత్సకు ముందు కండరములను సడలించుటకై సక్సినైల్ కోలినను మందిచ్చినపుడు మాత్రము అది శరీరమున కరగక, ఊపిరి చాలసేపు స్తంభించును. దీనినెఱిగిన మత్తువైద్యులు రోగిని ముందే ప్రశ్నించి వేఱుమందు వాడుదురు. 2009 నాటి వ్యాసమే, ఈ సముదాయమునందు మూలపురుషుల సంకోచము సుమారు నూఱు తరముల క్రిందటిదని తెలిపినది. చూచితిరా! ఒకచోట చరిత్రయని చదివినది వేఱొకచోట ప్రాణరక్షణమైనది. ఇది యా సముదాయమునకు కొఱతయని యెవరును తలంపరాదు. పరీక్షింపబడినందున వారిది తెలిసినది; పరీక్షింపబడనందున మనది తెలియలేదు. అంతియే భేదము.

ఇట్టి స్థితినుండి తరించిన సముదాయములు లోకమున లేకపోలేదు. అష్కెనాజీ యూదులలో టే-సాక్సు అను దారుణవ్యాధి పసిబిడ్డలను హరించుచుండెడిది. 1983లో వారి మతగురువొకరు దోర్ యెషోరిం అను సంస్థను స్థాపించి, వివాహమునకు పూర్వమే యువతీయువకుల రక్తమును గోప్యముగ పరీక్షింపజేసి, ఇరువురికిని ఒకే లోపమున్నచో ఆ సంబంధము తగదని మాత్రము తెలియజేయు నేర్పాటు గావించెను. ఎవరికే లోపమున్నదో బయటికి పొక్కదు. ఎవరికిని అపవాదు రాదు. వారిలో ఆ వ్యాధి దాదాపు మాసిపోయినది. అక్కడ శాస్త్రజ్ఞుని వ్యాసము చేయలేనిదానిని సంఘము చేసినది. మన మహాసభయందును వధూవర పరిచయవేదిక యున్నది. జాతకములు పొంతన చూచుచున్నాము. ఆ బల్లప్రక్కనే యొక వైద్యుడు కూర్చుండి, రక్తపరీక్షనుగూర్చి యడిగినవారికి సలహా చెప్పినచో మన సంప్రదాయమునకేమి లోటు?

మఱియొక మాట, సోదరీమణులారా, మీ పక్షమున చెప్పుచున్నాను. మన యిండ్లలో జబ్బుబిడ్డ పుట్టినపుడు నింద మొదట తల్లిపై పడును. పుట్టింటి దోషమనియు, కడుపు దోషమనియు దెప్పుదురు. ఇట్టి వ్యాధులందు లోపము తల్లినుండి యొకపాలు, తండ్రినుండి యొకపాలు వచ్చినగాని బిడ్డకు వ్యాధి రాదని శాస్త్రము నిష్కర్షగ చెప్పుచున్నది. ఇది ఏ యుల్లేఖనపట్టికలోను లెక్కకు రాకపోవచ్చును. కాని ఈ యొక్క వాక్యము మన గ్రామములలోని ఒక కోడలి కన్నీరు తుడిచినచో, ఆ వ్యాసమునకు నా లెక్కలో వేయి ఉల్లేఖనములు చేరినట్లే.

ఇందు రెండు హెచ్చరికలు గలవు. ఈ వ్యాసములు చూపి, మా కులము శుద్ధము, మీ కులము మిశ్రమమని ఎవరైన వాదించినచో, వారు వ్యాసము చదువలేదని గ్రహింపుడు. మన సంచికలలో వంశోత్పత్తిగాథలు ప్రకటించుకొనుచున్నాము; అవి మన పెద్దల స్మృతులు, గౌరవింపదగినవి. కాని డి.ఎన్.ఏ. వానికి సాక్ష్యము చెప్పుటకు రాలేదు. రెండవది: రక్తమిచ్చునపుడు, అది దేనికొఱకో, ఫలితమెవరికి తెలియునో, సమ్మతిపత్రమునందేమి యున్నదో చదివించుకొని, సందేహములు తీర్చుకొన్న పిమ్మటనే యీయవలెను.

లెక్కయే పరమార్థమైనచోట మోసము పుట్టుట సహజము. సొమ్ము తీసికొని, పరీక్షచేయకయే వ్యాసములు ప్రకటించు పత్రికలు బయలుదేరినవి. మన హైదరాబాదునగరమునందే నెలకొన్న యొక ప్రచురణసంస్థపై, రచయితలను మోసపుచ్చినదని 2019లో అమెరికా న్యాయస్థానము 5 కోట్ల డాలర్లకు పైగా చెల్లింపుమని తీర్పు చెప్పినది. ఒకరినొకరు ఉల్లేఖించుకొను కూటములును గలవు. పెండ్లిలో చదివింపులవలె నీవు నాకు పది, నేను నీకు పది. ఇట్టివానిని చూచి విసిగిన శాస్త్రజ్ఞులు 2012లో శాన్‌ఫ్రాన్సిస్కో నగరమున సమావేశమై, పత్రిక పేరును, అంకెను చూచి పరిశోధకుని విలువ కట్టరాదని, వ్రాసినదానిని చదివి కట్టవలెనని యొక ప్రకటన సిద్ధపఱచిరి. అది 2013లో వెలువడినది.

కావున పతకవిషయమై నా మనవి యిది. ఒకరికి 60 వ్యాసములు, వేఱొకరికి 6 వ్యాసములు ఉన్నవనుకొందము. అరువదింటివాడు అధికుడు కావచ్చును, ఆఱింటివాడును కావచ్చును. అంకెను కిటికీగ వాడుకొందము, తలుపుగ వలదు. దరఖాస్తుదారుని, తాను వ్రాసినవానిలో మేలైన వ్యాసము నొక్కదానిని మాత్రమే పంపుమందము. దానిని ఆ శాస్త్రమెఱిగిన యిద్దఱిచే చదివింతము. అందు నీ చేతిపని యెంత? దీనివలన మాఱినదేమి? నీకు నమూనాలిచ్చినవారికి నీవు మరల చెప్పితివా? అని మూడు ప్రశ్నలడుగుదము. కడపట, ఆ సంగతిని ఈ మహాసభయెదుట, మన తల్లులకు తెలియు తెలుగున, పావుగంట చెప్పుమందము. చెప్పలేనివాని పాండిత్యమును తక్కువ చేయను. కాని చెప్పగలవానికి పతకమిచ్చిన మన సొమ్ము సార్థకమగును.

రెండవ మనవి: ప్రతివర్షమును ఈ సంచికయందు, మన ప్రాంతపు జనులనుగూర్చి వెలువడిన వ్యాసముల సారమును నాలుగు పుటలలో తెలుగున ప్రకటింతము. మూడవది: పరిచయవేదికప్రక్కన వైద్యుని బల్ల. ఈ మూడింటికి కావలసిన ధనము స్వల్పము, కావలసిన ధైర్యము కొంచెమెక్కువ.

పోషక మహాశయులారా! పూర్వకాలమున కావ్యమునకు కృతిపతి యుండెను. కవికి గృహమిచ్చి, అన్నమిచ్చి, తాను కావ్యమున నిలిచెను. నేటి పరిశోధకునికిని కృతిపతులు కావలెను. కాని ఆనాటి కృతిపతి పద్యములు లెక్కించి ధనమీయలేదు. సభలో కూర్చుండి విని, మెచ్చినపుడిచ్చెను. మీరును అట్లే విని, మెచ్చి యీయవలెనని ప్రార్థించుచున్నాను.